నిమ్మకాయ కట్టిన పడవ

2022 నవంబరు పద్దెనిమిది, శుక్రవారం. ఆ ఉదయం మేం దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి తిన్నాం. రొట్టె అడుగున బొగ్గులా మాడింది. పద్మజ చేతి దిబ్బరొట్టె అంతకుముందు ఎప్పుడూ మాడలేదు. ఆ రోజు మూకుడు పొయ్యి మీద పెట్టి, ఫోనులో ఏదో ఫారం నింపుతూ కూర్చుంది.

“ఏమండీ, మీ బూట్ల సైజెంత?” అని వంటింట్లోంచే అడిగింది.

“తొమ్మిది. ఎందుకూ?”

“మంచులో నడవడానికి.”

మేముండేది బహ్రెయిన్‌లో, రిఫాలో. ఏడాదిలో ఏడు నెలలు ఇక్కడ కారు దిగి లిఫ్టు దాకా నడిస్తే చాలు, చొక్కా వీపుకు అంటుకుంటుంది. అలాంటి ఊళ్లో కూర్చుని మా ఆవిడ మంచు బూట్ల సంగతి అడుగుతోంది.

ఫారం అలాస్కా యాత్రది. మంచునదులు నేరుగా సముద్రంలోకి దిగేచోట, ఒడ్డున గుడారాలు వేసుకుని ఆరు రోజులు ఉండాలి. పొద్దున కొండలెక్కడం, మధ్యాహ్నం కయాకుల్లో మంచుగడ్డల మధ్య తిరగడం. కయాకు అంటే సన్నటి పొడుగాటి పడవ. వాళ్ల దగ్గరున్నవన్నీ ఇద్దరు కూర్చునేవే, ఒకరు ముందు, ఒకరు వెనక. దారి చూపడానికి మార్గిట్ అనే గైడు ఉంటుంది. పద్మజ రాజధాని మనామాలో ఒక క్లినిక్కు ల్యాబులో పనిచేసేది. “రోజంతా సీసాల్లో నెత్తురే చూస్తున్నానండీ. ఒక్కసారి మంచుకొండ విరిగి సముద్రంలో పడుతుంటే చూడాలి” అనేది. ఫారంలో ఏ సీటు కావాలని అడిగితే తన పేరు ఎదురుగా ‘ముందు సీటు. ఏది కనబడినా మొదట నేనే చూడాలి’ అని రాసింది. నాకు వెనక సీటు మిగిలింది. మా కాపురంలో అది కొత్త సంగతేమీ కాదు.

పది నెలల తర్వాత పద్మజ పోయింది. జబ్బు మూడు నెలలే. ఎక్కువ బాధ పెట్టలేదు. అదొక్కటీ దేవుడు చేసిన మేలు.

యాత్ర వాళ్లకు మాత్రం ‘కుటుంబ కారణాల వల్ల రాలేకపోతున్నాం’ అని రాశాను. మరుసటేడూ అదే మాట రాశాను. ఫారంలో పద్మజ పేరు కొట్టెయ్యడానికి ఒక్క గీత చాలు. ఆ గీత నేను గియ్యలేదు.

ఈ ఏడు ఏప్రిల్లో మార్గిట్ ఉత్తరం రాసింది. సీట్లు ఈ జూలై దాకానే ఉంచగలం, ఇంక వాయిదా లేదు అంది. ఇంకో షరతు కూడా పెట్టింది. కయాకు బోల్తా పడితే ఏం చేస్తారో చూపించే వీడియో మే ఇరవై అయిదు లోపల పంపాలి. పడవను కావాలని తిరగెయ్యాలి. నీళ్ల కింద నుంచి బయటికి రావాలి. జంటలో రెండోవాళ్లను పిలవాలి. ఒకరి సాయం లేకుండా మళ్లీ ఎక్కాలి.

నాకు యాభై ఎనిమిదేళ్లు. ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కట్టడాల నక్షాలు సరిచూస్తాను. గోదావరి పక్కన రాజమండ్రిలో పుట్టి పెరిగి, అక్కడే డిగ్రీ చదివి కూడా ఈత నేర్చుకోలేదు. తల నీళ్లలో ముంచాలంటే షవరు కిందే భయం. పోనీ మానేద్దామా అనుకున్నాను. ఆ సాయంత్రం మా ఇంటికి వంటకొచ్చే నరసాయమ్మ మూకుడు తోముతూ, “ఈ నల్ల మచ్చ ఎన్నాళ్లు రుద్దినా పోదు బాబుగారూ” అంది. అప్పుడు వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

నరసాయమ్మది అమలాపురం వైపు. కింది ఫ్లాటు వాళ్లింట్లో ఉండి పనిచేస్తుంది. వాళ్ల అనుమతితో సాయంత్రం గంటసేపు మాకు వండేది, ఇప్పుడు నాకు వండుతోంది. వెళ్తూ వెళ్తూ రోజూ ఒకే మాట అంటుంది. “తలుపుకి గొలుసెట్టుకోండి బాబుగారూ.” నేను పెట్టను. పద్మజ రెండో డ్యూటీ చేసి రాత్రి పదకొండుకు వచ్చేది. ఆమె కోసం గొలుసు తీసి ఉంచడం పద్దెనిమిదేళ్ల అలవాటు.

వీపు మీద పన్నెండు కిలోల బరువుతో నడవడం అలవాటు చేసుకోమని కూడా మార్గిట్ రాసింది. బయట ఎండ. అందుకని రోజూ ఉదయం ఆఫీసుకు ముందు సీఫ్ అనే పేటలో ఒక మాల్‌కు వెళ్లి, బ్యాగులో బియ్యం సంచి వేసుకుని ఏసీలో తిరిగేవాణ్ణి. మూడో రోజు సెక్యూరిటీ అతను ఆపి బ్యాగు తెరిపించాడు. లోపల సోనా మసూరి. దానికింద ఉన్ని మేజోళ్లు. అతని మొహంలో అనుమానం ఇంకా పెరిగింది.

అక్కడ నేల తుడిచే నర్సింలు వచ్చి ఏదో చెప్పి నన్ను విడిపించాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె.

“సార్, బియ్యం కొననీకి మాల్‌కు అస్తరు గని, మోసుకొని అచ్చుడేంది?”

“మంచుకొండలు ఎక్కాలి నర్సింలూ. అలవాటు కోసం.”

“మంచుకొండలా! గాడ సలి పెట్టదా?”

“పెడుతుంది. అందుకే వెళ్తారు.”

నర్సింలు తుడిచే కర్ర మీద గడ్డం ఆనించి నావంక చూశాడు. గల్ఫులో ఏ ఊరైనా అతనికి దుబాయే. “దుబాయికచ్చి పన్నెండేండ్లాయె సార్. సలి కోసం ఇమానమెక్కెటోన్ని గిప్పుడే సూస్తున్న. సరే, గిటు తడి ఉన్నది, అటు దిక్కు నడువుండ్రి.”

మర్నాటి నుంచి నేను వచ్చేసరికి ఒక వరండా ముందే తుడిచి, ఆరబెట్టి, అడ్డంగా ‘తడి, జాగ్రత్త’ అనే పసుపు పలక పెట్టి ఉంచేవాడు. ఆ పొడుగునా నేనొక్కణ్ణే నడిచేవాణ్ణి. అంత గౌరవం నాకు పెళ్లిలో కూడా జరగలేదు.

నడక సంగతి అలా తేలింది. నీళ్ల సంగతి మిగిలింది.

మా మేనేజరు బహ్రెయినీ. సీఫ్ దాటాక సముద్రపు ఒడ్డున ఆయనకో పడవల షెడ్డు ఉంది. అందులో వాళ్లబ్బాయి ఆడి వదిలేసిన ఆకుపచ్చ కయాకు ఒకటి పడుంది. ఇద్దరు కూర్చునేదే. “తీసుకో, యల్లా, ఇంక బయల్దేరు” అన్నాడు. ఆ షెడ్డులో పడవలు కడిగే అబ్బులుది కాకినాడ దగ్గర ఉప్పాడ. తాతల నుంచి వేటకెళ్లే కుటుంబం. ఇంతకంటే మంచి గురువు ఎక్కడ దొరుకుతాడని సంబరపడ్డాను.

శుక్రవారం పొద్దున్నే అబ్బులు కయాకును ఇసకలోకి లాగి చుట్టూ తిరిగి చూశాడు.

“ఇదేంటండి గణపతిగారూ, అరటిదొన్నెలా ఉంది. దీంతో చేపలు పడతారా?”

“లేదు.”

“రొయ్యలాండి?”

“కాదయ్యా. మంచుగడ్డల మధ్య తిరిగి చూడ్డానికి.”

“చూసి?”

“వెనక్కి వచ్చెయ్యడమే.”

“అంటే ఉత్తినేనన్నమాట. ఆయ్, అలాగే కానివ్వండి. కొత్త చేతిలో పడవ కాబట్టి కాయ కొట్టకుండా నీళ్లలో ఎట్టను.”

కొబ్బరికాయ తెచ్చాడు. పడవ ముక్కుకు పసుపు రాశాడు, నిమ్మకాయ దారంతో కట్టాడు. తర్వాత కాయను ఎత్తి బలంగా పడవ ముక్కు మీద కొట్టాడు. కయాకు ప్లాస్టిక్కుది. కాయ బంతిలా ఎగిరి అబ్బులు మోకాలికి తగిలింది. రెండోసారి కొడితే నా వైపు వచ్చింది. మూడోసారి కాయను సముద్రం దిక్కుకు దొర్లించి, దాని వెనకే పరిగెత్తి, పట్టుకొచ్చి రాతి మీద కొట్టాడు.

“కాయ పగలని పడవ, ఇదీ ఒక పడవేనా!” అని మోకాలు రుద్దుకున్నాడు.

ముందు సీటు ఖాళీగా ఉంటే ముక్కు పైకి లేస్తుందని, నా బియ్యం సంచిని అక్కడ కూర్చోబెట్టాడు. వెనక నేను. రెండు వారాల్లో తెడ్డు వెయ్యడం వచ్చింది. ఎదురుగా పద్మజ సీట్లో సోనా మసూరి దర్జాగా కూర్చుని ఉండేది. నేను ఎటు తిప్పినా ఎదురు చెప్పేది కాదు. పద్మజ అయితే ఊరుకునేది కాదని నవ్వొచ్చేది.

మూడో శుక్రవారం అసలు సంగతి చెప్పాను. “అబ్బులూ, ఇవాళ పడవను తిరగెయ్యాలి.”

“ఏ పడవండి?”

“ఇదే. నేను కూర్చున్నాక.”

“పొరపాట్న తిరగబడితే ఏం చెయ్యాలో నేర్పమంటున్నారా?”

“కాదు. కావాలనే తిప్పాలి. వీడియో తీసి పంపాలి.”

అబ్బులు ఇసకలో చతికిలబడ్డాడు. అతని మొహం చూసి నేను ఏదో బూతుమాట అన్నానేమో అనిపించింది.

“మా తాత తిరగబడిన పడవ పట్టుకుని రెండు రాత్రులు సముద్రంలో ఉన్నాడండి. మగాళ్లు యాటకెళ్తే మా ఇళ్లల్లో అన్నం గిన్నె కూడా బోర్లించరు. కడిగిన గిన్నె ఎల్లకిలా ఎట్టుకుంటారు. అలాంటిది పసుపు రాసి, నిమ్మకాయ కట్టి, కాయ కొట్టిన పడవని నా చేత్తో తిప్పమంటారా? ఇంకేదన్నా చెప్పండి. నా వల్ల కాదు.”

“నేనే తిప్పుకుంటాను. నువ్వు పక్కన నిలబడు చాలు.”

“నిలబడి చూడమంటారా? అదీ కాదు.”

బతిమాలాను. కదల్లేదు. ఈతరాని నేను అతను లేకుండా నీళ్లలో దిగలేను. అతనికి కోపం లేదు, టీ కూడా ఇచ్చాడు. కానీ పడవ దగ్గరికి రాలేదు. ఆ వారం వృథాగా పోయింది. గడువులో ఒక్క శుక్రవారమే మిగిలింది.

సంగతి విని, అబ్బులుని ముందే ఎరిగిన నరసాయమ్మ అతనికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

“ఏరా అబ్బులూ, బాబుగారిని ఇబ్బంది పెడుతున్నావంట?”

అవతల అతనేమన్నాడో వినబడలేదు.

“ఆచారం నీ పడవకిరా. అది పడవేనని నువ్వే ఒప్పుకోలేదంట కదా, కాయ పగల్లేదని?”

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అబ్బులు నీళ్లలో నా పక్కనే ఉంటాడు, అయితే వీపు తిప్పుకుని ఉంటాడు. నేను తిప్పుకుంటే అది నా ఇష్టం. అతను చూడలేదు, అతనికి తెలియదు.

మే ఇరవై మూడు ఉదయం ముగ్గురం ఒడ్డు చేరాం. వీడియో తియ్యడం నరసాయమ్మ వంతు. ఎర్ర గుండీ నొక్కి నాకేసి పట్టుకోమని నేర్పాను. కూర్చున్నాక నడుము చుట్టూ నీళ్లు రాకుండా బిగించే రబ్బరు గుడ్డ ఉంటుంది. దాని ముందున్న పట్టీ లాగితే ఊడుతుంది. పట్టీని పదిసార్లు ముట్టుకుని చూసుకున్నాను. అబ్బులు సౌదీ వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

“కానివ్వండి బాబుగారూ!” అంది నరసాయమ్మ ఒడ్డునుంచి.

ఎడమవైపు ఒరిగాను. పడవ ఒరిగింది. భయమేసి కుడివైపు ఒరిగాను. సర్దుకుంది. మళ్లీ ఒరిగాను. మళ్లీ సర్దుకున్నాను. ఇలా ఒక పావుగంట ఉయ్యాల ఊగాను.

“అయిందాండి?” అన్నాడు అబ్బులు అటే చూస్తూ.

“లేదు.”

“తిరగండి బాబుగారూ, ఎండెక్కిపోతోంది! కిందవాళ్లు నాకోసం చూస్తా ఉంటారు!”

నాకిక తేలిపోయింది. నా చేత కాదు. అలాస్కా లేదు, మంచు లేదు. పద్మజ చూడాలనుకున్నది నేనూ చూడను. తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఊరికే ముందుకు చూస్తూ కూర్చున్నాను. పడవ ముక్కుకు కట్టిన నిమ్మకాయ ఊగిసలాటకు దారం వదులై ఒక పక్కకు జారిపోతోంది. అబ్బులు చూస్తే బాధపడతాడనిపించింది. కనీసం అదైనా సరిగ్గా ఉండనీ అని, తెడ్డు చివరతో దాన్ని సర్దబోయి ముందుకు, కొంచెం పక్కకు వంగాను.

పడవ తిరగబడకుండా కట్టిన నిమ్మకాయ పడవను తిప్పేసింది.

నీళ్ల కింద ఆకుపచ్చగా ఉంది. ముక్కులో ఉప్పు. పట్టీ ఎక్కడుందో తెలియలేదు, తర్వాత తెలిసింది, లాగాను. కాళ్లు ఊడాయి. చేతులతో సముద్రాన్ని కొట్టాను, తన్నాను. తల పైకి వచ్చింది. ఏదో అరిచాను. మళ్లీ మునిగాను.

“నిలబడండి గణపతిగారూ!”

“మునిగిపోతున్నా!”

“నడుము లోతేనండి! కాళ్లు కింద ఎట్టండి!”

పెట్టాను. నిలబడ్డాను. నీళ్లు బెల్టు దాకా ఉన్నాయి. అబ్బులు అప్పటికే ఇటు తిరిగి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. నన్ను నిలబెట్టి, ఊపిరి ఆడుతోందని చూసుకుని, ఒక్క మునకేసి బియ్యం సంచి పైకి తెచ్చాడు.

“సోనా మసూరి నానిపోయింది!” అని ఒడ్డున నరసాయమ్మ గుండె బాదుకుంది.

“చూడనన్నావుగా అబ్బులూ” అన్నాను దగ్గుతూ.

“తిరగేస్తే చూడనన్నానండి. తిరగబడితే చూడనని ఎవడంటాడు? ఎక్కండింక. చెయ్యి మాత్రం ఇవ్వను, ఆ మంచుకాడ నేనుండను కదా.” పడవను మాత్రం తనే వెల్లకిలా తిప్పి, మొదట నిమ్మకాయను గట్టిగా ముడేశాడు. ఆరోసారికి నేను ఎక్కాను.

ఇంటికొచ్చి వీడియో చూశాను. నేను ఊగిన పావుగంటా ఉంది. తర్వాత నరసాయమ్మ కంగారులో ఎక్కడో నొక్కేసింది. తెరనిండా ఆమె మొహం. కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి ఉంది. వెనక నీళ్లలో పడ్డ చప్పుడు. ఆ పైన నా గొంతు, “పద్మజా!” అని. అలా అరిచానని నాకు తెలియదు. వెంటనే నరసాయమ్మ, “ఉన్నాను బాబుగారూ, ఇక్కడే ఉన్నాను! లెగండి, లెగండి!” అని కేకలు. చివర్లో కెమెరా మళ్లీ నావైపు తిరిగింది. నేను కయాకు ఎక్కే ఆరు ప్రయత్నాల్లోనూ తడిసిన నా ప్యాంటు వెనకభాగం చక్కగా వచ్చింది.

ఇంకోటి తియ్యడానికి టైము లేదు. ‘కెమెరా తప్పిదానికి క్షమించాలి’ అని రాసి అదే పంపాను.

ఆదివారం సాయంత్రం ఎనిమిదింటికి మార్గిట్ వీడియో కాల్ చేసింది. అక్కడ వాళ్లకు అప్పుడు ఉదయం తొమ్మిది. నెరిసిన జుట్టు, ఎండకు కందిన ముక్కు. నా వెనక నరసాయమ్మ చారుకు పోపు పెడుతోంది.

“మీ వీడియో మూడుసార్లు చూశాను” అంది మార్గిట్. “మీరు బోల్తా పడటం ఒక్కసారి కూడా కనబడలేదు.”

“అవును. క్షమించండి.”

“కానీ వినబడింది. ఆరు సెకన్లు లెక్కపెట్టాను. పైకి రాగానే మీరు చేసిన మొదటి పని జంటను పేరు పెట్టి పిలవడం. ఎంత నేర్చుకున్నవాళ్లయినా ముందు టోపీ వెతుక్కుంటారు. మీ ఇద్దరికీ సీట్లు ఖాయం.” అంతలో ఆమె నా భుజం మీదుగా చూసింది. “ఓ, హలో పద్మజా! మీ గొంతు అద్భుతం. ఎలుగుబంట్లు మైలు దూరం పారిపోతాయి!”

నరసాయమ్మ గరిటె ఊపి నవ్వింది. “ఏమంటున్నారు బాబుగారూ దొరసాని?”

ఊరుకుంటే సీటు ఉంటుంది. రెండేళ్లు ఊరుకున్నాను, ఇంకో రెండు నెలలు ఊరుకోవచ్చు. కానీ ఆ తర్వాత జూలైలో ఆ ఒడ్డున ఆవిడ ఇద్దరి కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది.

“ఆవిడ నరసాయమ్మగారు. నాకు వండిపెడతారు” అన్నాను. “పద్మజ లేదు. చనిపోయి రెండేళ్లవుతోంది. మీకు రాయలేకపోయాను. పేరు కొట్టెయ్యాలంటే చెయ్యి రాలేదు.”

పోపు వాసన గదంతా నిండింది. మార్గిట్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“జంట లేకుండా ఒక్కరిని కయాకులో పంపడం మా నియమం కాదు” అంది చివరికి.

“తెలుసు.”

“ఆగండి, ఫారం చూడనివ్వండి.” ఏవో కాగితాలు తిప్పింది. చదివి నవ్వింది. “ముందు సీటు కావాలట. ఏది కనబడినా మొదట తనే చూడాలట. ముందు సీటు ఖాళీగా వెళ్తే పడవ ముక్కు లేస్తుంది మిస్టర్ గణపతి.”

“తెలుసు. బియ్యం పెట్టాం.”

“ఏం పెట్టారు?”

చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వడం ఆపాక అంది, “మీరు ముందు సీట్లో కూర్చోండి. వెనక నేనుంటాను. ముందున్నవాళ్లకు తెడ్డు సరిగా రాకపోయినా ఫర్వాలేదు. చూసి చెప్పడమే వాళ్ల పని. మంచు విరిగితే మొదట మీరు చూడండి. బియ్యం మాత్రం తేకండి.”

ఫోన్ పెట్టేశాక నరసాయమ్మకు అంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆపి, కొంగుతో మొహం తుడుచుకుంది. “నన్ను అమ్మగారనుకుందా ఆవిడ? అమ్మగారి రంగేంటి, నా రంగేంటి! కళ్లజోడు మార్చుకోమనండి.” తర్వాత చారు మీద మూత పెట్టి, “వెళ్తున్నారుగా అయితే?” అంది.

“వెళ్తున్నాను.”

అబ్బులుకు ఫోన్ చేసి చెప్పాను. “మంచిదండి. ఆ దొరసానికి చెప్పండి, పడవ నీళ్లలో ఎట్టేముందు ముక్కుకి నిమ్మకాయ కట్టమని. అక్కడ దొరకవేమో, రెండు ఇస్తాను, జేబులో ఎట్టుకోండి.”

చారన్నం, వేయించిన బంగాళాదుంపలు తిన్నాను. చారు బాగా కుదిరింది. నానిన సోనా మసూరిని నరసాయమ్మ ఏం చేసిందో అడగలేదు. ఆరబెట్టి ఉంచానని, మర్నాడు దోసెలకు రుబ్బుతానని తనే చెప్పింది, కాస్త ఉప్పు తక్కువ వేస్తే సరిపోతుందట. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది. రోజూ అనే మాట అనలేదు. నావంక చూసి, “వస్తాను బాబుగారూ” అని మాత్రం అని మెట్లు దిగింది.

ఆమె అడుగుల చప్పుడు కింది అంతస్తులో ఆగేదాకా నిలబడ్డాను. గొలుసు వాడక బిగుసుకుపోయింది. వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి ఒక చుక్క వేసి అటూ ఇటూ ఆడించాను. ఎదురింట్లో పసిపిల్ల నిద్రపోయే వేళ. చప్పుడు కాకుండా తలుపు మూసి, గొలుసు పెట్టాను.